భీవండి బడి పెద్దవ్వ

ఫోన్‌లో ఆమె ఫొటో వచ్చింది. చుట్టూ పూలదండ, కింద చేతులు జోడించిన బొమ్మ, దాని కింద ఒక పేరు. ఆ పేరు నాకు తెలియదు. అన్నేళ్ల పరిచయంలో ఆమె పేరేమిటని ఒక్కసారి కూడా అడగలేదని నాకు అప్పుడు తట్టింది. భీవండిలో మరాఠీవాళ్లకు ఆమె మావశీ, అంటే పిన్ని. మా తెలుగువాళ్లందరికీ పెద్దవ్వ. పిల్లలకైతే బడి పెద్దవ్వ.

ఫొటో వచ్చిన గ్రూపు భీవండిలో ఒకప్పుడు పక్కపక్కన బతికినవాళ్లది. లాక్‌డౌన్‌లో అక్కడి మరమగ్గాలు ఆగిపోయినప్పుడు సగం మందిమి మూటలు కట్టుకుని ఊళ్లకు వచ్చేశాం. కొందరు సిరిసిల్ల, కొందరు జగిత్యాల, మేము కోరుట్ల. గ్రూపులో అప్పటికే వరసగా దండాలు పెట్టేస్తున్నారు. నేను బళ్లో స్టాఫ్‌రూములో కూర్చుని ‘ఆత్మకు శాంతి’ అని రాసి, చెరిపేసి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపేశాను. ఆ మాట అనే హక్కు నాకు లేదనిపించింది.

ఆమెను మొదటిసారి చూసేటప్పటికి నాకు పెళ్లయి పది రోజులు. భీవండిలో మా ఆయన పని చేసే మగ్గాల కార్ఖానా వెనక ఒకే ఒక్క గది మా కాపురం. పొద్దున్నే ఎవరో తలుపు తోసుకుని వచ్చారు. పొడుగ్గా, ఎండుకట్టెలాంటి మనిషి. నడుముకు ఆనించుకున్న చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారపు ఉండ. బీడీ మూతి మడిచీ మడిచీ కుడిచేతి బొటనవేలి గోరు నల్లబడిపోయింది.

“ఇంటర్ పాసైన పిల్లవు నువ్వేనా?”

“అవు.”

“ఏ ఊరు?”

“కోరుట్ల.”

“కోరుట్లోళ్లకు జర గర్వమెక్కువ. అయినా ఏం కాదు. రేపటి సంది బడికి రా. పంతులమ్మ పెండ్లి చేసుకొని పోయింది, మూడో తరగతి పిల్లలు ఉత్తగనే కూసుంటున్నరు.”

తలుపు చాటున మా ఆయన నవ్వుతున్నాడు. ఆమె వెళ్లాక, “రానంటె ఇడువది. పో” అన్నాడు. అట్లా నేను పంతులమ్మనయ్యాను.

మనవాళ్ల సంఘం నడిపే బడి అది. పట్టుబట్టి పెట్టించింది మాత్రం పెద్దవ్వే. ఏడో తరగతి వరకే. ఏటా జూన్‌లో ఆమె చాట చంకలో పెట్టుకుని గది గదికీ తిరిగి పిల్లల్ని పట్టుకొచ్చేది. ఆమెకొక పరీక్ష ఉండేది. గుమ్మంలో ఆడుకునే పిల్లవాణ్ణి ఆపి, “ఆకలైతె మీ అవ్వను ఏమని అడుగుతవ్‌రా?” అనేది. వాడు “బువ్వ” అంటే బుగ్గ గిల్లి ముందుకు పోయేది. “ఖానా” అంటే మాత్రం ఆ ఇంటి గడప మీదే కూర్చునేది.

“ఇన్నవానే? రేపు మంచాన పడి నువ్వు నీళ్లడిగితె, నీళ్లంటె ఏందని అడుగుతడు గీ పోరడు.”

“మరాఠీ బడి దగ్గర పెద్దవ్వా. మన బడికి పోవాలంటె రోడ్డు దాటాలె. టెంపోలు ఎట్ల అస్తయో ఎరుకే గదా.”

“నేను దాటిస్త.”

ఊరికే అన్న మాట కాదది. రోజూ పొద్దున ఆ రోడ్డు మధ్యలో ఒక చేత్తో చాట పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి నిలబడేది. టెంపోవాళ్లు హిందీలో బూతులు తిట్టేవారు. ఆమె తెలుగులోనే జవాబు చెప్పేది. “ఆగు కొడుకా, చదువు దాటుతున్నది.” వాళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కానీ ఆగేవారు.

ఆమెకు అక్షరం రాదు. మా తరగతి బయట మెట్ల మీద కూర్చుని బీడీలు చుట్టుకుంటూ పాఠాలన్నీ వినేది. పద్యం అప్పజెప్పే పిల్ల ఎక్కడైనా తడబడితే బయటినుంచి నాలుక చప్పరించిన చప్పుడు వచ్చేది. ఆ చప్పుడుకు పిల్లలకంటే నేనే ఎక్కువ భయపడేదాన్ని.

అట్లాగని పుణ్యమూర్తి ఏమీ కాదు. నోరు మంచిది కాదు. పిల్లల కోసం అబద్ధాలాడేది. మన బళ్లో బూట్లిస్తారని ఒక ఇంట్లో, మరాఠీ బళ్లో పంతులు తొడపాశం పెడతాడని ఇంకో ఇంట్లో చెప్పేది. తెలుగువాళ్లందరూ ఒక్కటని రోజంతా చెప్పి, సాయంత్రం పూట జగిత్యాలవాళ్లు మాటకారులనీ, కోరుట్లవాళ్లు గర్విష్ఠులనీ, సిరిసిల్లవాళ్లు మాత్రమే మనుషులనీ తేల్చేది. ఆమెది సిరిసిల్ల.

మాలో ఆ తేడాలు నిజంగానే ఉండేవి. ఇంటికి వందల కిలోమీటర్ల దూరంలో కూడా మూడు ఊళ్లుగానే బతికాం. ఒక్క గల్లీలో మూడు చోట్ల బతుకమ్మ ఆడేవాళ్లం. సిరిసిల్లవాళ్లు నల్లా దగ్గర, జగిత్యాలవాళ్లు గుడి ముందు, మేము కార్ఖానా గేటు దగ్గర. పెద్దవ్వ ఒక్కతే తన బతుకమ్మను నెత్తిన పెట్టుకుని మూడు చోట్లకూ పోయి, ఒక్కోచోట ఒక్కో చుట్టు తిరిగేది. “మూడు తావుల ఆడితె నా బతుకమ్మ అరిగిపోతదా?” అనేది. ఆమె వచ్చినప్పుడు ఆమె వెంట పక్క గుంపువాళ్లు కూడా నలుగురు వచ్చేవారు. ఆ పది నిమిషాలే మేమందరం ఒక్కచోట కలిసేది.

నేను బళ్లో చేరిన ఆరో ఏడు సంఘంలో గొడవ మొదలైంది. పిల్లలు తగ్గిపోతున్నారు. బడిని ఇంగ్లీషు మీడియం చేద్దామని అధ్యక్షుడి మాట. ఆయనది జగిత్యాల వైపు. సొంత మగ్గాలున్న మనిషి, చెడ్డవాడు కాదు. చాలామంది తల్లిదండ్రులు ఆయన వైపే ఉన్నారు. పెద్దవ్వ, నేను, సిరిసిల్లవాళ్లు చాలామంది అటు వద్దన్నాం. నా మాటలో భాష మీద ప్రేమ ఎంతో, ఉద్యోగం పోతుందన్న భయం ఎంతో, ఇప్పుడు విడదీసి చెప్పలేను.

అందరం గుడి వెనక హాల్లో ఆదివారం సాయంత్రం కూర్చుని తేల్చుకోవాలనుకున్నాం. దానికి ముందురోజు, శనివారం పొద్దున, మా గల్లీ చివర ఒక స్కూలు వ్యాను ఆగింది. పెద్దవ్వ కొడుకు తన ఐదేళ్ల పిల్లవాణ్ణి ఎత్తి వ్యానులో కూర్చోబెడుతున్నాడు. తెల్ల చొక్కా, ఎర్ర టై. పిల్లవాడు నన్ను చూసి చెయ్యి ఊపి, “గుడ్ మార్నింగ్ మిస్” అన్నాడు. కొడుకు నన్ను చూసి తల దించుకున్నాడు.

ఆ రోజంతా నాకు వేరే ఆలోచన లేదు. ఊళ్లోవాళ్ల పిల్లలందరినీ పోగుచేసి తన మనవణ్ణి మాత్రం దాచిపెట్టుకుందని ఒళ్లు మండిపోయింది. మా ఆయనతో చెప్తే, “ముందు ఆమెనే అడుగరాదు” అన్నాడు. నేను అడగలేదు.

హాల్లో ముందు అధ్యక్షుడు మాట్లాడాడు. “మనం ఈడ బతుకుతున్నం. మన పోరలు ఈడనే నౌకరి చేస్తరు. తెలుగు ఇంట్ల మాట్లాడుకోండ్రి, ఎవలు వద్దన్నరు? బడి మాత్రం కడుపు నింపేది కావాలె.” చాలామంది తలలూపారు.

అప్పుడు పెద్దవ్వ లేచింది. ఆ రోజు చేతిలో చాట లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు పట్టుకుంది. “ఇంట్ల మాట్లాడుకోండ్రి అంటున్నవ్. ఇంట్ల ఎవలున్నరు బిడ్డా? మొగడు పొద్దంత కార్ఖానల సాంచ మగ్గం మీద, పెండ్లాం బీడీల కాడ. పోరనితోని మాట్లాడేది గా గల్లీనే గదా. బడి పోతె వీండ్లు ఏ ఊరోళ్లు అయితరు? సిరిసిల్లోళ్లు గాదు, భీవండోళ్లు గాదు.” ఒక ముసలాయన “నిజమే” అన్నాడు. కోరుట్లవాళ్లలో కూడా గుసగుసలు మొదలయ్యాయి. మాట మా వైపు తిరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

అయినా లేచాను.

“పెద్దవ్వా, నీ మనుమడు ఏ బడికి పోతున్నడు?”

హాలంతా ఆమెకేసి తిరిగింది. ఆమె నా వైపు చూసింది. తర్వాత వెనక తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు వైపు చూసింది. చాలాసేపు వాడినే చూసింది.

“ఇంగ్లీషు బడికి” అంది.

“ఎందుకు?”

“గది మా ఇంటి ముచ్చట, పంతులమ్మా.”

అంతే, కూర్చుంది. ఎవరో ఆడమనిషి, “మా పిల్లలకు తెలుగు, నీ పోరనికి టై ఆ?” అని అరిచింది. తర్వాత ఎవరేమన్నారో ఎవరికీ వినిపించలేదు. జూన్‌కల్లా బడి ఇంగ్లీషు మీడియమైంది. తెలుగుకు రోజుకు ఒక్క పీరియడ్ ఉంచారు. అది నాకే ఇచ్చారు. తీసుకున్నాను.

ఆ యేడు పెద్దవ్వ బతుకమ్మ పేర్చలేదు. మూడు గుంపులు మూడుచోట్లే ఉండిపోయాయి. తర్వాత సిరిసిల్లవాళ్లు సంఘంలోంచి విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. నేను ఆమె గది ముందునుంచే రోజూ బడికి పోయేదాన్ని. ఆమె తల ఎత్తకుండా ఆకు కత్తిరించుకునేది. నేను ఆగేదాన్ని కాదు. మా ఆయన ఒకసారి అన్నాడు, “నువ్వన్నది అబద్ధం గాదు గని, అందరి ముందట అనుడు మంచిగ లేదు.” నేను ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత లాక్‌డౌన్, కోరుట్ల. ఇక్కడ ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు చెబుతున్నాను. నా కూతుర్ని కూడా అదే బడిలో, అదే మీడియంలో చేర్చాను. ఫారం నింపుతూ మీడియం అన్నచోట పెన్ను ఆగింది. ఆగిందంతే, రాసేశాను.

రెండేళ్ల కింద మా అత్తమ్మకు కళ్లు చూపించడానికి జగిత్యాల పోయాను. కళ్ల దవాఖాన వరండాలో బెంచీల నిండా ముసలివాళ్లు. అత్తమ్మను లోపలికి పిలిచారు. నేను బయట కూర్చున్నాను. పక్కన కూర్చున్న మనిషి నల్ల అద్దాలు పెట్టుకుని ఉంది. ఒక కంటి మీద తెల్ల గుడ్డ. బాగా వంగిపోయింది. చీటీ పట్టుకున్న చెయ్యి చూశాను. నల్లబడ్డ బొటనవేలి గోరు.

పెద్దవ్వ. లేచిపోదామనుకునేలోపే ఆమె చీటీ నా వైపు చాపింది.

“ఏం రాసిండ్రో జర చదువు బిడ్డా. నాకు అచ్చరాలు రావు, ఇప్పుడైతె కండ్లు సుత లేవు. నా బిడ్డ మందుల లైన్ల నిలవడ్డది.”

చదివాను. ఏ చుక్కలు ఎన్నిసార్లో చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు తిరిగి చెప్పుకుంది.

“ఏ ఊరు బిడ్డా మీది?”

“మేడిపల్లి” అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది.

“ఏం పని జేస్తవ్?”

“బట్టలు కుడుత.”

“మంచిదే” అంది. తర్వాత తనే మొదలుపెట్టింది. “నేను సారంగాపూర్ల బిడ్డ కాడికి అచ్చిన. మాది సిరిసిల్ల. శానేండ్లు భీవండిల ఉంటిమి. ఆడ మాకో బడి ఉండె. తెలుగు బడి. గా బడి పెట్టిన మొదటి ఏడే నా కొడుకును అండ్ల ఏసిన. ఏడు దాక అన్నిట్ల ఫస్టే. ఎనిమిదికి మరాఠీ బడికి పోతె ఒక్క ముక్క తెలుస్తలేదు. పిలగాండ్లు నవ్విండ్రట. పంతులు వెనక కూసోబెట్టిండట. ఏడాది నిండలే, పుస్తకాలు ఇడిసిపెట్టి సాంచ మీదికెక్కిండు. పద్నాలుగేండ్లు వానికి.”

అతను మా బళ్లో చదివాడని కూడా నాకు తెలియదు. నాకు తెలిసినప్పటినుంచీ అతను మగ్గం మీది మనిషే.

“వానికి కొడుకు పుట్టినంక నాతోని ఒక్కటే మాట అన్నడు. అవ్వా, నన్ను నీ బడికిస్తివి, వీన్ని ఇయ్య అన్నడు. నేనేమంట? సరే అన్న.”

నాకు నోరాగలేదు. “గా ముచ్చట అందరికి చెప్పకపోయినవా?” అన్నాను. అన్నాక గాని తెలియలేదు, కుట్టుపని చేసే మేడిపల్లి మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది.

ఆమె నల్ల అద్దాలు నా వైపు తిరిగాయి. “చెప్తె బడి నిలుస్తుండెనా? బడి పెట్టినామె కొడుకే చెడిపోయిండంటె ఇంకెవలు పంపుతరు? నేనొక్కదాన్ని దొంగనైతె బడి బతుకుతదేమో అనుకున్న. బతుకలే.” చీటీని నాలుగు మడతలు పెట్టింది. “తప్పయితె చేసిన బిడ్డా. వానికి ఎన్నడు ఒప్పుకోలె. వాని కాడ ఒప్పుకుంటె, ఇంకెంతమంది తల్లుల కాడ ఒప్పుకోవాలెనో అని భయం.”

ఆ తల్లులెవరో నాకు తెలుసు. ఏడో తరగతి అయిపోయిన పిల్లలకు టీసీలు రాసిచ్చింది నేనే. తర్వాత వాళ్లలో కొందరిని చాయ్ బండి దగ్గర, మగ్గాల దగ్గర చూశాను. వాళ్లు నన్ను చూసి నమస్తే పెట్టేవారు. ఎందుకిక్కడ ఉన్నారని ఏ ఒక్కరినీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం. ఆమెను ఒక్క పిల్లవాడి గురించి నిలదీసిన నేను నా చేతుల మీదుగా పోయిన పిల్లల గురించి నన్ను నేను ఎప్పుడూ నిలదీసుకోలేదు.

అప్పుడైనా చెప్పాల్సింది. పెద్దవ్వా, నేనే అనాల్సింది. రెండు మాటలు. ఆమె కూతురు మందులు పట్టుకుని వచ్చింది. పెద్దవ్వ నా భుజం ఆసరాగా పట్టుకుని లేచింది. “సల్లగుండు బిడ్డా” అని వెళ్లిపోయింది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. బయటికొచ్చిన అత్తమ్మ నా ముఖం చూసి, “కండ్లు నాయా, నీయా?” అంది.

ఈ బుధవారం ఆమె దినాలు. బళ్లో సెలవడిగి, వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల పోయాను. నేతవాళ్ల కాలనీలో రెండు గదుల ఇల్లు, ముందు షామియానా. పక్క షెడ్లలో మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి. భీవండివాళ్లు చాలామంది వచ్చారు. ముసలివాడైపోయిన అధ్యక్షుడు కూడా జగిత్యాల నుంచి వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నాడు.

పెద్దవ్వ కోడలు నన్ను చూసి లోపలినుంచి నీళ్లు తెచ్చింది. గ్లాసు అందిస్తూ, “మీరు జగిత్యాలల కలిసిండ్రట గదా, అత్తమ్మ చెప్పింది” అంది.

“ఏమని చెప్పింది?”

“కండ్ల దవాఖానల మన పంతులమ్మ కలిసింది, గొంతు పట్టి పోల్చుకున్న అన్నది. ఏమన్నదని అడిగితె, ‘మేడిపల్లి అన్నదే, సిగ్గుపడ్డట్టున్నది, నేను సుత ఎరుకలేనట్టె ఉన్న’ అన్నది. చెప్పాల్సింది మాత్రం చెప్పిన అన్నది. ఏం చెప్పిందో మాకు చెప్పలే.”

అంటే నేనని తెలిసే చెప్పింది. హాల్లో అందరి ముందు నేనడిగిన ప్రశ్నకు అన్నేళ్ల తర్వాత, నా పరువు నాకు మిగిల్చి, జవాబిచ్చింది.

కొడుకు షామియానా చివర వంటల దగ్గర ఉన్నాడు. గుండు, తెల్ల తుండు. మనిషి తగ్గిపోయాడు. నన్ను చూసి, “అచ్చిండ్రా పంతులమ్మా” అన్నాడు, అందులో కోపమేమీ లేదు. అతన్ని పక్కకు పిలిచి జగిత్యాల సంగతంతా చెప్పాను. నేనాడిన అబద్ధాలు కూడా దాచలేదు. చివరికి ఆమె మాట ఆమె అన్నట్టే చెప్పాను. “తప్పయితె చేసిన, వానికి ఎన్నడు ఒప్పుకోలె అన్నది.”



“గా మాట నాతోని అంటె ఏం పోవు పంతులమ్మా? ముప్పై ఏండ్ల సంది ఒక్క ఇంట్లనే ఉంటిమి.”

కూర బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

“గా మీటింగుల నేను తలుపు కాడనే ఉన్న. నా దిక్కు చూసింది. చెప్పు కొడుకా అని చూసిందో, చెప్పకు అని చూసిందో ఇప్పటికి సుత సమజైతలేదు. నేను లేచి చెప్తె అవ్వ దొంగ గాకపోవు. చెప్పలే. నాకు అప్పుడు కోపమే ఉండె. అననీ, పడనీ అనుకున్న.”

“అడిగింది నేను” అన్నాను. “తప్పు నాది. ఆమెకు చెప్దామనే వచ్చిన.”

“ఆమె లేదు గదా” అన్నాడు, ఊరడించినట్టు కాదు, తిట్టినట్టూ కాదు. అంతవరకు చేతిలో పట్టుకున్న కూర బకెట్టు కింద పెట్టి, తుండు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

విస్తళ్లు వేసి అందరినీ వరసగా కూర్చోబెట్టేశారు. సిరిసిల్లవాళ్లు, జగిత్యాలవాళ్లు, మా కోరుట్లవాళ్లు, ఎవరికి చోటు దొరికిన దగ్గర వాళ్లు. అన్నం పడింది, కూర రాలేదు. “కూర ఎవలు ఏస్తున్నరయ్యా?” అని ఎవరో పిలిచారు. లోపలినుంచి అతను రాలేదు. నేను చెంగు నడుముకు చుట్టి, బకెట్టు అందుకుని, మొదటి విస్తరి దగ్గరికి నడిచాను.